తుపాకి మూతి దిక్కు కాదు, వెనక బిరడా దిక్కు చూడుండ్రి



ఈసారి పోస్టు పొడుగున్నది, తీరిక చేసుకొని చదువుండ్రి. పంట కాపలాకు లైసెన్సు మీద బర్మారు తుపాకి ఉన్నోళ్ల కోసం రాస్తున్న. మహేశ్వరం, కందుకూరు, యాచారం, కడ్తాల్ దిక్కు ఊర్లల్ల తాతల నాటి బర్మార్లు ఇంకా కొన్ని ఇండ్లల్ల ఉన్నయి. తుపాకి లేనోళ్లు కూడా చదువుండ్రి. కోతుల కోసం పైపుతోటి కార్బైడ్ మోత చేసేటోళ్లకు ఆఖర్ల ఒక మాటున్నది.

నా అభిప్రాయం ముందే చెప్తున్న. కడగని బర్మారు ఇంట్ల ఉండేకంటె అసలు లేకుంటెనే మేలు. అది పందిని ఆపేది తక్కువ, పట్టుకున్నోని మొఖం కాల్చేది ఎక్కువ. మనోళ్లందరు తుపాకి మూతి దిక్కు చూసి భయపడ్తరు. నిజంగ భయపడాల్సింది వెనక దిక్కు, గొట్టం ఆఖర్ల బిగించిన ఆ మర బిరడాకు. ఎందుకో వివరంగ చెప్త.

బిరడా అంటె ఏంది

బర్మారు అంటె మూతి నుంచి మందు పోసి, గుడ్డనో కాయితమో పెట్టి, రవ్వలు పోసి, కడ్డీతోటి దట్టించే తుపాకి. ఆ ఇనుప గొట్టం రెండు దిక్కుల బొక్క ఉన్న పైపే. వెనక దిక్కు ఒక గట్టి ఇనుప మర బిగించి మూస్తరు. దాన్నే నేను బిరడా అంటున్న. దాని పక్కనే చిన్న నిపుల్ ఉంటది, దాని మీద టోపీ పెడ్తం. ఘోడా వచ్చి టోపీని కొడ్తె నిప్పు రవ్వ నిపుల్ సందులకెళ్లి లోపలి మందుకు అంటుకుంటది.

మందు అంటుకుంటె వచ్చే వాయువు రవ్వల్ని ముందుకు తోస్తది. అంతే బలంతోటి వెనక బిరడాను కూడా తోస్తది. వాయువుకు ముందు వెనక తెల్వదు, ఎక్కడ దారి దొరికితె అక్కడికెళ్లి పోతది. ట్రాక్టరు వెనక టైర్ల గాలి చదరపు అంగుళానికి పదిహేను పౌండ్లకు అటుఇటు ఉంటది. తుపాకి గొట్టంల ఆ క్షణం పుట్టే ఒత్తిడి వేల పౌండ్లల్ల ఉంటది. దాన్ని ఆపేది ఆ బిరడాకున్న కొన్ని మరలు మాత్రమే. నువ్వు గురి చూసేటప్పుడు నీ కుడికన్ను ఆ బిరడాకు జానెడు దూరంల కూడా ఉండదు. ఇది యాది పెట్టుకుంటె చాలు, మిగిలిందంత దాని వెనక వచ్చే లెక్కనే.

బోరు మోటరు పైపుకు ఎండ్ క్యాపు వదులైతె నీళ్లు చిమ్ముతయి, మళ్ల బిగిస్తం. డ్రిప్పు లాటరల్ ఆఖరి మూత ఊడితె తిట్టుకుంట పోయి పెడ్తం. తుపాకి మూత ఊడితె మళ్ల పెట్టే మనిషి ఉండడు.

ఈ బిరడా చిన్న ముచ్చట కాదనేతందుకు ఒక కథ చెప్త. 1543ల పోర్చుగీసోళ్లు జపాన్ల తనెగషిమ అనే దీవికి మొదటిసారి తుపాకులు తీస్కపోయిన్రు. అక్కడి దొర రెండు తుపాకులు కొని, కమ్మరిని పిలిచి అసొంటివే చెయ్యమన్నడు. కత్తులు చేసుట్ల జపాను కమ్మరోళ్లకు లోకంల పేరున్నది. గొట్టం చేసిన్రు, కట్టె చేసిన్రు. వెనక బిరడా కాడ ఆగిపోయిన్రు. గొట్టం లోపల మరలు కొయ్యుడు వాళ్లకు అప్పటిదాక తెల్వదు. మరుసటేడు ఓడల వచ్చిన పోర్చుగీసు కమ్మరి నేర్పితెగాని అది కుదరలేదంటరు. ఆ విద్య కోసం జపాను కమ్మరి తన బిడ్డనే పోర్చుగీసాయనకిచ్చి పెండ్లి చేసిండని అక్కడ ఇప్పటికీ కథ చెప్పుకుంటరు. కథల నిజమెంతున్నా, తుపాకి మొత్తంల కష్టమైన జాగ ఏదో ఆ కథ చెప్తది.

ఇంకొకటి. 1460ల స్కాట్లాండ్ రాజు రెండో జేమ్స్ సొంత ఫిరంగి పక్కన నిలబడ్డడు. అది పగిలి సచ్చిపోయిండు. శత్రువు కొట్టలేదు, సొంత సామాను కొట్టింది. రాజుకే దిక్కులేదు, మనమెంత?

బిరడాను తినేది ఏంది

తుపాకి మందుల సూరేకారం, బొగ్గు, గంధకం ఉంటయి. అది కాలినప్పుడు అంతా పొగై పోతదని మనం అనుకుంటం. పోదు. బరువుల సగానికంటె ఎక్కువ గట్టి మడ్డిగ, మసిగ లోపల్నే మిగులుతది లేకుంటె తెల్లపొగల కలిసి పోతది. ఆ మడ్డిల ఉప్పుల జాతి ఉంటది. ఉప్పు డబ్బా మూత తీసి వానాకాలం పెడ్తె ఏమైతది? తడిసి ముద్దయితది. ఈ మడ్డి కూడా అట్లనే గాలిలున్న తడిని గుంజుకుంటది. తడి, ఉప్పు, ఇనుము మూడు కలిస్తె జంగు. ముసురు పట్టినప్పుడైతె ఒక్క రాత్రికే గొట్టం లోపల ఎర్రగైతది.

మందు కాలేది గొట్టం అడుగున, బిరడా మొఖం కాడ. మడ్డి ఎక్కువ పట్టేదీ అక్కడనే. కడ్డీకి గుడ్డ చుట్టి మూతికెళ్లి తోస్తె నడుమ గొట్టం అద్దమోలె మెరుస్తది. కాని బిరడా మొఖానికీ గొట్టానికీ నడుమ మూల ఉంటది చూడు, ఆడికి గుడ్డ పోదు. ఆ మూలల్నే మడ్డి కూసుంటది. ఆడికెళ్లి మెల్లగ మరల సందులకు దిగుతది. మనం మూతికాడ వేలు పెట్టి చూసి "సాఫ్ ఉన్నది" అనుకుంటం. మక్క కంకి పైకి పచ్చగ ఉండి లోపల పురుగు తిన్నట్టు, బిరడా లోపల్నే తిని పోతది.

కడుగుడు ఎట్ల

మనోళ్లు చేసే పెద్ద తప్పు కిరసనాయిలు, డీజిలు పోసి కడుగుడు. ట్రాక్టరు సామాన్లకు అలవాటైన చేయి కదా. కిరసనాయిలు గ్రీజును కోస్తది, ఉప్పును కరిగించదు. ఉప్పును కరిగించేది నీళ్లే. ఇనుముకు నీళ్లు పోసుడేందని భయపడొద్దు. నీళ్లు పోసుడు తప్పు కాదు, తడి లోపల ఉంచుడు తప్పు.

మొదటి పని, తుపాకి ఖాళీగున్నదని రూఢి చేసుకోవాలె. మూతిల కన్ను పెట్టి చూడొద్దు, ఎన్నడూ. దట్టించే కడ్డీని లోపలికి జారవిడిచి మూతికాడ వేలుతోటి గుర్తు పట్టుకో. బయటికి తీసి గొట్టం పక్కన పెట్టి కొలువు. కడ్డీ కొస నిపుల్ కాడికి రావాలె. నాలుగు వేళ్లు తక్కువొచ్చిందంటె లోపల మందున్నది. అప్పుడు టోపీ పెట్టి పేల్చి చూద్దామనుడు, కడ్డీతోటి పొడుసుడు, నిప్పు చూపుడు ఏదీ చెయ్యొద్దు. నిపుల్ మీద టోపీ లేదని చూసుకొని, మూతికెళ్లి నీళ్లు పోసి నాననియ్యి. దాన్ని బయటికి తీసుడు మాత్రం లైసెన్సున్న తుపాకి మరమ్మతు దుకాణపోని పని.

ఖాళీ అని తేలినంక నిపుల్‌ను దాని పానాతోటి తియ్యాలె. పకడుతోటి పట్టి తిప్పితె మూలలు అరిగిపోతయి, రేపు రానే రాదు. నిపుల్‌ను చిన్న గిన్నెల వేడినీళ్లల్ల ఎయ్యి. సందును సన్నటి తీగతోటి మెల్లగ తీసి, ఊది చూడు.

గొట్టం కట్టె నుంచి విడిపోయే రకమైతె విడగొట్టుకో. బకెట్ల వేడినీళ్లు పోసి, సామాన్లు తోమే సబ్బు చుక్క కలిపి, గొట్టం వెనక భాగం నీళ్లల్ల ముంచు. కడ్డీకి గుడ్డపేలిక చుట్టి మూతికెళ్లి లోపలికి తోసి మళ్ల పైకి గుంజు. చేతి పంపు లెక్క నిపుల్ బొక్కలకెళ్లి నీళ్లు పైకొస్తయి, కిందికి పోతయి. మొదటి బకెటు నీళ్లు సిరా లెక్క నల్లగైతయి. రెండోసారి, మూడోసారి నీళ్లు మార్చి, తెల్లగొచ్చేదాక చెయ్యాలె. గొట్టం విడిపోని రకమైతె నిపుల్ తీసి మూతికెళ్లి వేడినీళ్లు పొయ్యి, కట్టెకు గుడ్డ అడ్డం పెట్టుకో.

ఇప్పుడు ఆ మూల సంగతి. కడ్డీ కొసకు చదునుగున్న బ్రష్షు పెట్టి, బిరడా మొఖానికి తగిలేదాక పంపి, అక్కడ గుండ్రంగ తిప్పాలె. మందు కూసునే చోటు గొట్టం కంటె సన్నగున్న తుపాకులు కూడా ఉంటయి, వాటికి సన్న బ్రష్షు కావాలె. ఆఖర్ల తెల్లగుడ్డ పంపి, బిరడా మొఖానికి ఒత్తి, తీసి చూడు. గుడ్డ కొస మీద నలుపుంటె పని అయిపోలేదు.

తర్వాత ఆరబెట్టుడు. ఆఖరి నీళ్లు మసిలే నీళ్లయితె గొట్టం వేడెక్కి తడి దానంతటదే ఎగిరిపోతది. అయినా నాలుగైదు పొడి గుడ్డలు పంపు. తడి పోయిందని నమ్మినంకనే నూనె. పల్లి నూనె, కొబ్బరి నూనె రాయొద్దు, అవి కొన్నాళ్లకు బంకైతయి. కుట్టు మిషను నూనె అసొంటి పల్చటి నూనె గుడ్డకు అద్ది పలుచగ రాస్తె చాలు. నూనె ఎక్కువ పోసి గొట్టం నిలబెడ్తె అదంత బిరడా కాడికి దిగి కూసుంటది. అందుకే రాసినంక ఒక రోజు మూతి కిందికి పెట్టి ఉంచాలె. నిపుల్ మరలకు కొద్దిగ గ్రీజు పెట్టి బిగించు, రేపు సులభంగ వస్తది. మళ్ల వాడేముందు లోపలి నూనెంత పొడిగుడ్డతోటి తీసెయ్యాలె, లేకుంటె మందు తడుస్తది.

ఇదంత పేల్చిన రోజే చెయ్యాలె. రేపు చేద్దామంటె జంగు నీకంటె ముందే లేస్తది. మరుసటి రోజు ఒక తెల్లగుడ్డ పంపి చూడు, ఎర్రగొస్తె మళ్ల మొదటి నుంచి. వానాకాలం నెలకొకసారి, పేల్చకున్నా సరే, తీసి చూడాలె. మొత్తం పని అరగంట. బర్రె కాడ పాలు పిండినంత సేపు.

బిరడా ఊడదీయొచ్చా

ఫోన్ల వీడియోలు చూసి కొందరు అడుగుతున్నరు: "అన్నా, అమెరికావోళ్లు బిరడా ఊడదీసి కడుగుతున్నరు, మనమెందుకు తీయొద్దు?"

వాళ్లయి వేరే తుపాకులు. టోపీ నేరుగ వెనక్కెళ్లి పెట్టే కొత్త రకం. ఆ బిరడా చేతికి సులువుగ వచ్చేటట్టే చేసిన్రు. వాడిన ప్రతిసారీ విప్పి, కడిగి, మరలు పట్టుకపోకుండ ప్రత్యేకమైన గ్రీజు రాసి బిగిస్తరు. మరిచిపోతె అది కూడా పట్టుకపోతది. మన పాత బర్మారు అట్ల కాదు. దాని బిరడాను ఒకసారి బిగించినంక కదిలించే పని లేకుండ చేసిన్రు. దాని తోకే కట్టెకు గొట్టాన్ని పట్టి ఉంచుతది. దాన్ని వైసుల పట్టి పెద్ద పానాతోటి తిప్పితె ఏమైతది? ఇన్నేండ్లు ఒకదాన్నొకటి పట్టుకున్న మరలు చెడిపోతయి. మళ్ల బిగిస్తె బిగిసినట్టే కనిపిస్తది, కాని పట్టు ఉండదు.

కాబట్టి నా మాట: పాత బర్మారు బిరడాను ఇంటికాడ ఊడదీయొద్దు. కాల్చొద్దు, సుత్తెతోటి కొట్టొద్దు, వెల్డింగు పెట్టించొద్దు. వదులున్నదని పైపులకు చుట్టే టేపు చుట్టి బిగించొద్దు. టేపు నీళ్లను ఆపుతది, వేల పౌండ్ల ఒత్తిడిని ఆపదు. పైగ వదులు కనబడకుండ దాస్తది.

ఇంటికాడ చెయ్యాల్సింది కడుగుడు, చూసుడు. చూసుడంటె ఇవి చూడాలె. బిరడా గొట్టం కలిసే గీత మీద నల్లటి మసి గీత పడ్డదా? అక్కడికెళ్లి ఎర్రటి జంగు నీరు కారిందా? ఆ గీత కాడ కట్టె కాలి నల్లబడ్డదా? గోరు పెడ్తె సందు తగుల్తున్నదా? నిపుల్ బిగించినంక కూడా ఊగుతున్నదా? పేల్చినప్పుడు నిపుల్ కాడికెళ్లి మొఖం మీదికి వేడిగాలి కొడ్తున్నదా? వీటిల ఒక్కటున్నా ఆ తుపాకిల మందు పోయొద్దు. అంతే. "ఈ ఒక్కసారి తక్కువ మందేసి చూద్దం" అనే మాట వద్దు.

మా చుట్టాలల్ల ఒకాయనకు నిపుల్ ఊగుతుండె. వారం రోజులు పందులు పల్లి చేను దున్నుతుంటె ఆగలేక పేల్చిండు. నిపుల్ ఎగిరి పోయి పక్కన గడ్డివాములబడ్డది. కనుబొమ్మ కాలింది, చెవుల నెలరోజులు గుయ్యిమన్నది. కన్ను దక్కింది, ఆయన అదృష్టం. పందులు మాత్రం మరునాడు రాత్రి మళ్లొచ్చినయి.

మరమ్మతు కూడా చట్టమే

మన ఊర్ల లేతు మిషనాయన మంచి పనోడే, బోరు సామాను మస్తు చేస్తడు. కాని తుపాకి ఆయన కాడికి తీస్కపోవద్దు. 1959 ఆయుధాల చట్టం ఐదో సెక్షను ప్రకారం తుపాకి తయారు చేసుడే కాదు, మరమ్మతు చేసుడుకు కూడా లైసెన్సు కావాలె. 2019ల చట్టం మార్చినంక శిక్షలు బాగ పెంచిన్రు. నీ బిరడా కోసం పాపం ఆయనను కేసుల ఇరికించుడు న్యాయం కాదు. పట్నంల లైసెన్సున్న తుపాకి దుకాణాలున్నయి, మరమ్మతు ఎక్కడ చేస్తరో వాళ్లనడిగితె చెప్తరు. లైసెన్సు కాయితం పట్టుకొని ఆడికే పోవాలె.

ఇంకో మాట కూడా తెలుసుకోండ్రి. అదే చట్టం పదమూడో సెక్షన్ల పంట కాపలాకు మూతికెళ్లి మందు పోసే తుపాకి అని ప్రత్యేకంగ రాసిన్రు. అంటె చట్టం మన బర్మారును గుర్తు పట్టింది. కాని తుపాకి లైసెన్సు వేరు, జంతువును కొట్టే పర్మిషను వేరు. వన్యప్రాణి రక్షణ చట్టం 1972ది. 2022ల మార్చినంక అడవిపంది దాని రెండో షెడ్యూల్ల ఉన్నది. నెమలి మొదటి షెడ్యూల్. అటవీ శాఖ రాతపూర్వక అనుమతి లేకుండ పందిని కొడ్తె లైసెన్సు నిన్ను కాపాడదు. కేరళల 2022ల పంచాయతి పెద్దలకే పందుల మీద ఆర్డరు ఇచ్చే అధికారమిచ్చిన్రు. అది వాళ్ల రాష్ట్రం ముచ్చట. ఫోన్ల అది చూసి ఇక్కడ తుపాకి ఎత్తొద్దు.

తండ్రి పేరు మీదున్న లైసెన్సు, ఆయన పోయినంక కొడుకుది కాదు. పేరు మార్పించుకునేదాక తుపాకి పోలీసు స్టేషన్ల గాని, లైసెన్సున్న దుకాణంల గాని పెట్టాలె. అటక మీద పెట్టి "మా నాయనది" అంటె నడ్వదు.

ఎలక్షన్ల డిపాజిటు

ఇప్పుడు నాకు నొప్పి కలిగే సంగతికొస్తున్న. 2023 నవంబర్ల అసెంబ్లీ, 2024 మేల పార్లమెంటు, 2025 డిసెంబర్ల పంచాయతి. ఎలక్షను వచ్చినప్పుడల్ల తుపాకి డిపాజిటు చెయ్యమంటరు. 2024ల మార్చి 16న కోడ్ వచ్చి జూన్ మొదటి వారం దాక ఉండె. దాదాపు మూడు నెలలు. శాంతిభద్రతల కోసం అడుగుతున్నరు, తప్పంటలేను. కాని మూడు నెలలు గోడకానించి పెట్టిన తుపాకిల మడ్డి ఏం చేస్తదో పైన చెప్పిన. ఇచ్చిన తుపాకి వేరే, తెచ్చుకున్న తుపాకి వేరే అయితది. మొక్కలేసి మక్క పాలు పట్టే టైముకు తెచ్చుకొని, లోపల చూడకుండ మందు పోస్తరు. ప్రమాదం అక్కడనే ఉన్నది.

మన చేతుల ఉన్నది మనం చేద్దం. డిపాజిటుకు ముందు రోజు పూర్తిగ కడిగి, ఆరబెట్టి, నూనె రాసి, "ఖాళీ, నూనె రాసింది" అని చీటీ కట్టి ఇద్దం. తెచ్చుకున్న రోజే మళ్ల ఖాళీ కొలిచి, వేడినీళ్లతోటి కడిగి, బిరడా గీత చూద్దం.

సర్కారును అడగాల్సినయి రెండే. ఒకటి, నెల దాటి తుపాకి వాళ్ల దగ్గరుంటె, ఒకసారి కానిస్టేబులు ముందట యజమాని వచ్చి నూనె రాసుకునే అవకాశం ఇయ్యాలె. పావుగంట పని. రెండు, లైసెన్సు ఇప్పుడు ఐదేండ్లకొకసారి రెన్యువలైతది. అప్పుడు కాయితాలు, నంబరు చూస్తున్నరు. దాంతోపాటు తుపాకి తెలిసినోనితోటి బిరడా, నిపుల్ చూపించి, "పేల్చొచ్చు", "పేల్చొద్దు" అని రాసియ్యాలె. బండికి ఫిట్‌నెస్ ఉన్నది, బాయిలర్‌కు తనిఖీ ఉన్నది. మొఖం పక్కన పేలే సామానుకు ఎందుకుండొద్దు? మన రైతు సంఘాల మీటింగుల ఈ రెండు ముచ్చట్లు పెడితె బాగుంటది.

"మా తాతలు కడిగిన్రా?" అనేటోళ్లకు

కడిగిన్రు. తెలంగాణ సాయుధ పోరాటంల వడిసెలలు, బర్మార్లు పట్టిన తరం అది. తుపాకి పేలకుంటె ప్రాణం పోతదని తెలిసినోళ్లు. వాళ్లు వాడుతుండె, వాడినంక చూసుకుంటుండె. మనం ఏడాదికొకసారి దసరాకు అటక మీదికెళ్లి దించుతం, పసుపు కుంకుమ పెడ్తం, పూలు పెడ్తం, దండం పెట్టి మళ్ల ఎక్కిస్తం. నిపుల్ కాడ తడి పసుపు పెట్టుడు కూడా జంగుకు పిలుపే. పక్క రాష్ట్రంల కొడగోళ్లకు తుపాకి లైసెన్సు నుంచి మినహాయింపే ఉన్నది, 2029 దాక పొడిగించిన్రు. నాట్లు అయినంక సెప్టెంబర్ల కైల్ పోళ్దు అని పండుగ చేసి ఆయుధాలు పూజల పెడ్తరు. మనం కూడా దసరా ముందు రోజును కడిగే రోజుగ పెట్టుకుందం. కడిగినంకనే పూజ, బొట్టు కట్టె మీదనే.

కార్బైడ్ పైపుల ముచ్చట

ఇది తుపాకి లేనోళ్లకు. ప్లాస్టిక్ పైపుతోటి చేసిన కార్బైడ్ మోత సామాను ఇప్పుడు కోతులకని ఊరూరా అమ్ముతున్నరు. దానికి కూడా వెనక మూత ఉన్నది, అది ప్లాస్టిక్ మూత, గమ్ము పెట్టి అతికించింది. లోపల పుట్టేది వెల్డింగు చేసే గ్యాసే. పేలకుంటె ఏమైందని అందరు చేసేది ఒకటే పని, లోపలికి తొంగి చూసుడు. 2025 దీపావళికి మధ్యప్రదేశ్‌ల ఇదే సామానుతోటి ఎందరో పిల్లల కండ్లు దెబ్బతిన్నయి, కొందరికి చూపే పోయింది. అక్కడి సర్కారు దాన్ని బందు పెట్టింది. వేల పౌండ్లు ఆపే ఇనుప బిరడానే జంగుకు ఓడిపోతుంటె, గమ్ము మూతను నమ్ముకొని పిల్లల చేతికిచ్చి చేనుకు పంపుడు ఏం తెలివి? దయచేసి బందు పెట్టుండ్రి. పందులకని కరెంటు తీగ పెట్టుడు కూడా అంతే. దాంట్ల పక్క చేను మనిషి కూడా పడొచ్చు.

మరి పందులకేం చెయ్యాలె

మా మామిడిపల్లి సంగతి చెప్త. 2008ల విమానాశ్రయం వచ్చినంక గోడ ఒక దిక్కు, ప్లాట్లు ఒక దిక్కు. నడుమ మిగిలిన చేన్లల్ల మేం కూరగాయలు, మక్క వేసుకుంటున్నం. మెదలని తుప్పలల్ల పందులు పెరిగినయి. 2024 ఏప్రిల్ ఆఖర్ల చిరుతే గోడ దుంకి విమానాశ్రయంలకొచ్చింది. అటవీ శాఖోళ్లు బోన్లు పెట్టి, కొన్ని రోజులు ఓపిక పట్టి, మే మొదట్ల పట్టుకున్నరు. తుపాకి పేలలేదు. మా దగ్గర ఇప్పుడు బర్మారు పేలిస్తె రవ్వలు ఎవరింట్ల పడ్తయో తెల్వదు. ఇండ్లు దగ్గరున్న ఊర్లల్ల తుపాకి దారి కాదని నేను గట్టిగ అంటున్న. సోలార్ కంచె నలుగురు కలిసి వేసుకుంటె ఖర్చు తగ్గుతది. పంట పోతె ఫోటో తీసి అటవీ శాఖకు నష్టం దరఖాస్తు పెట్టాలె, పెట్టకుంటె లెక్కలకే రాదు. మంది కలిసి కావలి కాసుడు పాత పద్ధతే, ఇప్పటికీ పనిచేస్తది.

అడవి అంచు ఊర్లల్ల లైసెన్సు తుపాకి ఉన్నోళ్లకు మాత్రం నా లెక్క సూటిగ ఇది. అరగంట కడిగే ఓపికుంటె ఉంచుకో. ఓపిక లేకుంటె, బిరడా మీద అనుమానముంటె, చట్టప్రకారం అప్పజెప్పు. పోయేది పరువు కాదు. తాత గుర్తని ఉంచుకోవాల్నంటె ఇంకా మంచిగ కడిగి ఉంచు, మనుమడు పట్టుకున్నప్పుడు వాని కన్ను కూడా ఆ బిరడా పక్కనే ఉంటది.

లైసెన్సు లేని నాటు తుపాకి ఉన్నోళ్లకు నేను కడిగే పద్ధతి చెప్తలేను. దాని బిరడా ఎవరు, దేనితోటి బిగించిన్రో దేవునికే తెల్వాలె. దాన్ని వదిలించుకోండ్రి.

మీ ఊర్ల ఇసొంటి ప్రమాదాలు జరిగుంటె కింద రాయుండ్రి, పేర్లు రాయకుండ. వేడినీళ్ల పద్ధతి వేరే తీరుగ చేసేటోళ్లుంటె అది కూడా చెప్పుండ్రి, నేర్చుకుందం. నచ్చితె బర్మారున్న ఇండ్లకు ఈ పోస్టు పంపుండ్రి. చేతులు కాలినంక ఆకులు పట్టుకునుడు మనకొద్దు.

జై కిసాన్.

మీ మామిడిపల్లి రైతు